పలక మీద మూడు ఖాళీ గీతలు

పోయిన తబస్కీకి, అదే బక్రీదు పండుగకు, ఊరందరికీ పొడుగాటి వదులు అంగీలు, బూబూలు కుట్టాను, నా కూతురికి తప్ప. మా తియెస్ ఊళ్లో దర్జీలెవరూ నోరు తెరిచి కాదనరు. ఎవరు గుడ్డ తెచ్చినా "ఇన్షా అల్లా, పండుగకి అందుతుంది" అనేస్తాం. నేనూ అనేశాను. పండుగ రోజు మధ్యాహ్నం దాకా మిషన్ ముందే ఉన్నాను. సాయంత్రం పిల్లలంతా కొత్తబట్టలతో కానుకలకని ఇంటింటికీ తిరుగుతుంటే, మా మరేమ్ తలుపేసుకుని లోపలే కూర్చుంది.

ఈ ఏడు ముందుగానే అడిగాను, "ఏ రంగు కావాలే?" అని.

"పాతదే వేసుకుంటాలే అమ్మా. నీకు తీరదుగా" అంది, ఎనిమిదేళ్ల పిల్ల.

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది.

ఆ రోజే పలక, సుద్దముక్క తీసుకుని కూర్చున్నాను. ఒక్కపూటలో బూబూ అయిపోతుందని కోతలు కోయడం తేలికే. కత్తిరింపు, కుట్టు, మెడ చుట్టూ అల్లిక, మధ్యలో వంట, నమాజు, వచ్చేపోయేవాళ్ల సోది, అన్నీ కలిపితే రోజున్నర. పండుగకు ముప్ఫై రోజులున్నాయి. పద్దెనిమిది పేర్లకే చోటు పెట్టి, మిగిలిన మూడు రోజులకూ అడుగున మూడు గీతలు ఖాళీగా వదిలాను. మొదటి పేరు మరేమ్. మిగతా పదిహేడు పేర్లూ రెండు రోజుల్లో నిండాయి.

మరేమ్ గుడ్డ బల్ల మీద పరిచి కత్తెర పట్టుకున్నానో లేదో, మా ఆయన అక్క యాసీన్ వదిన గుడ్డ మూట పట్టుకుని దిగింది.

"పలక నిండింది వదినా."

"పిల్ల పేరు కొట్టేసి నాది రాయి. దాన్ది చివర్లో కుట్టుకోవచ్చు."

"పోయినేడూ చివర్లోనే అనుకున్నా. కొట్టను."

"మరి ఈ ఖాళీ గీతలెవరివి?"

"కరెంటువి. పోతుంది కదా."

"కరెంటు కూడా బూబూ కుట్టించుకుంటోందా? ఎంత చోద్యం."

"నాకు జ్వరం రావచ్చు, చుట్టాలు దిగొచ్చు. ఆ మూడు రోజులూ మిగిలితే ముందు కుట్టేది మీదే. మిగలకపోతే లేదు. ముందే చెప్తున్నా."

"మా తమ్ముడితో చెప్తానుండు."

"చెప్పండి."

మూట చంకన పెట్టుకుని విసవిసా వెళ్లిపోయింది. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన "అక్క అలిగింది" అన్నాడు. అలగనీ అన్నాను. మాట మాత్రం మార్చలేదు.

మర్నాటికి మరేమ్ బూబూ పూర్తయింది. చిలక్కొయ్యకు తగిలించి, "నీ పేరు నువ్వే కొట్టెయ్" అని సుద్దముక్క ఇచ్చాను.

"వేసుకున్నాక కొడతా" అంది.

ఇంకెవరికైనా ఇచ్చేస్తానని దాని భయం. నాకు ఏడుపొచ్చింది, కానీ పోరు పెట్టలేదు.

కరెంటు రెండు రోజులు పోయింది. ఒక రోజు నేను జ్వరంతో మంచమెక్కాను. మూడు గీతలూ అలా చెల్లిపోయాయి. పండుగ ముందురోజు సాయంత్రానికి ఆఖరి బూబూ ఇచ్చేసి, తీరిగ్గా ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను. పలక మీద పేర్లన్నీ కొట్టేసి ఉన్నాయి, పైనున్న ఒక్కటి తప్ప.

పండుగకు యాసీన్ వదిన నిరుటి బూబూలోనే వచ్చింది. ఆవిడకు ఇంకెవరో దర్జీ ఇన్షా అల్లా చెప్పాడట. పొట్టేలు మాంసం కడుపునిండా తింది. చేయి కడుక్కున్నాక, "వచ్చే ఏడు నా పేరు రెండోదిగా రాయి" అంది.

చీకటి పడ్డాక మరేమ్ బూబూ అంతా నూనె మరకలతో తిరిగొచ్చింది. కానుకలు నా ఒళ్లో పడేసి, తిన్నగా పలక దగ్గరికెళ్లి సుద్దముక్క తీసుకుని తన పేరు కొట్టేసింది.