దండెం అవతలి గుమ్మడికాయ

నీళ్ళాయన వీధి మధ్యలో మోకాళ్ళమీద కూర్చుని, గుంటలోని వాల్వుకు తగిలించిన పొడవాటి ఇనుప చావి పైకొసకు చెవి ఆనించాడు. గొట్టంలో నీళ్ళు కదిలితే ఆ ఇనుములో సన్నగా ఈల పలుకుతుంది. ఆ ఈల విని ఎవరింట్లో డ్రమ్ము నిండుతోందో చెప్పేస్తాడని వీధిలో అనుకుంటారు. ఎవరు పళ్ళు తోముకుంటున్నారో కూడా చెబుతాడని ఇంకొక మాట ఉంది. ఆ రెండో మాట పుట్టించింది ఆయనే.

ఇవాళ ఆయనకు వినిపించింది ఒక్కటే. నీళ్ళు ముందుగా బావ డ్రమ్ములోకే దూకుతున్నాయి.

"పో, పో. నీకూ ఆయనే ముద్దు," అన్నాడు గొట్టంతో.

మున్సిపాలిటీలో వాల్వులు తిప్పడం ఆయన ఉద్యోగం. చావి తిప్పీ తిప్పీ అరచేతులు కాయలు కాచాయి, కుడిభుజం ఎడమదానికంటే కిందికి జారింది. ఖాకీ చొక్కా ఆ భుజం దగ్గర ఎప్పుడూ ముడతపడే ఉంటుంది. దాన్ని కుట్టింది బావ. భుజం వంకరయితే చొక్కా ఏం చేస్తుందిరా అని బావ వాదన. మిగిలిన గుడ్డ దాచేసుకుని చొక్కా బిగించాడని నీళ్ళాయన వాదన. చొక్కా రంగు వెలిసింది గాని ఆ వాదన మాత్రం వెలవలేదు.

బావ దర్జీ, అక్క మొగుడు. తల్లి లేని పిల్లాడికి గోరుముద్దలు పెట్టి పెంచిన అక్క, పెళ్ళినాడు ఈయన చెయ్యి వదిలి ఆయన చెయ్యి పట్టుకుంది. అప్పుడు రాజుకున్న మంట, అక్క పోయినా ఆరలేదు. ఇప్పుడు ఇద్దరివీ ఒకే మేడమీద పక్కపక్క గదులు. మధ్యలో బట్టలారేసే దండెం. ఇటు తోట ఈయనది, అటు తోట ఆయనది.

అటుపక్క కాసిందే గుమ్మడికాయ. దాని నీడ పడి ఎదురింటివాళ్ళు పట్టపగలు దీపం వేసుకున్నారని బావ చెబుతాడు. అది అబద్ధమే గాని, నీళ్ళాయనకు నవ్వు రాదు. పందిరి మీంచి వేలాడే కాయ బరువుకు తొడిమ తెగకుండా, కత్తిరింపుల్లో మిగిలిన చారల గుడ్డతో దానికి ఊయల కుట్టాడు బావ. కొలతలు తీసి, పెరిగే పిల్లలకు కుట్టినట్టు లోపల మడత వదిలి కుట్టాడు. నీళ్ళాయన పందిరికి మాత్రం పిడికెడు పిందె ఒకటి గోనెపట్టాలో ముక్కుతూ ఉంది. నాక్కూడా ఒకటి కుట్టు బావా అని అడగడానికి ఆయనకు నోరు రాదు.

మేడలమీద మొక్కలు చెత్తకిందే లెక్క, దించేయాలని ఆ మధ్య మున్సిపాలిటీ నోటీసు అంటించింది. బావ ఆఫీసుకు వెళ్ళి, "చెత్తయితే మీరొచ్చి ఊడవాలి, పంటయితే మమ్మల్ని రైతులని రాసుకోవాలి. ఏదో ఒకటి తేల్చండి," అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మర్నాడూ వెళ్ళాడు, ఆ మర్నాడూ వెళ్ళాడు. బల్లమీద కూర్చుని ఊడిన బొత్తాలు కుట్టాడు, చిరిగిన కిటికీ తెర కుట్టాడు. చివరికి ఆఫీసరమ్మ టీ తెప్పించి విన్నది. తోట చూసి బాగుంటే పచ్చబోర్డు ఇస్తామంది. ఆ బోర్డున్న మేడమీద కుండీలను ఎవరూ ముట్టుకోరు. మేడకు ఒకటే బోర్డు, దానిమీద ఒకటే పేరు.

నీళ్ళాయన జుట్టు నెరిసింది ఆ ఆఫీసు కొలువులోనే. అక్కడ ఒక్కరోజైనా ఎవరూ ఆయనకు టీ ఇవ్వలేదు. ఆ బోర్డుమీద బావ పేరు చూస్తూ రోజూ మెట్లెక్కడమంటే, దానికంటే గుంటలో దిగి మూత వేసుకోవడం నయమనిపించింది.

ఆఫీసరమ్మ వచ్చేది ఇవాళే. మధ్యాహ్నం బావ గదిలో కునుకు తీస్తుండగా, నీళ్ళాయన దండెం కొస విప్పి బావ పందిరి అవతలి మేకుకు కట్టాడు. చారల ఊయలతో సహా గుమ్మడికాయ ఇవతలికి వచ్చేసింది.

"ఏం చేస్తున్నావయ్యా?" వెనకనుంచి భార్య.

"దండెం వదులైంది."

"వదులైతే బిగించాలి. ఇదేంటి, నడిచెళ్ళింది?"

"నువ్వు లోపలికి పో."

"అన్నయ్య లేచి చూస్తే మొహం ఎక్కడ పెట్టుకుంటావో!" అంటూ ఆమె తలుపు వేసుకుంది.

ఆఫీసరమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. ఆ అలికిడికి బావా లేచి బయటికి వచ్చాడు. ఆమె వంగ, బెండ, టమాటా కుండీలు చూసింది. ఊయలలో కాయ దగ్గర ఆగిపోయింది.

"అబ్బ! ఎవరిదిది?"

బావ దండెం వంక చూశాడు. కొత్త ముడి చూశాడు. బావమరిది మొహం చూశాడు.

"మా బావమరిదిదమ్మా. దండేనికి అటుపక్కవన్నీ వాడివే."

"మరి ఈ ఊయల?"

"కుట్టుపని నాది. కాయ బరువు వాడిది."

ఆమె నవ్వింది. "అయితే బోర్డు ఎవరి పేరున రాయమంటారు?"

"వాడి పేరే రాయండి. మీ ఆఫీసువాడే కదమ్మా, ఎరగరా?"

ఆమె నీళ్ళాయనను మొదటిసారి పరకాయించి చూసింది. "మా ఆఫీసా! చెప్పరేం? కుండీలు ఉంచుకోండి. బోర్డు పంపిస్తాను," అని దిగి వెళ్ళిపోయింది.

తోట నిలిచింది, పేరు దక్కింది. అయినా నీళ్ళాయన కడుపు చల్లబడలేదు సరికదా, ఇంకా రగిలింది. కాయ కాసిన గొప్ప బావదే. ఇచ్చేసిన గొప్ప కూడా బావే పట్టుకుపోయాడు.

"నాకొద్దు నీ కాయ," అన్నాడు. "రేపే దండెం వెనక్కి కడతాను. బోర్డుమీద నీ పేరే రాయించుకో."

"రాయించుకుంటాలే. ముందు ముడి వెయ్యడం నేర్చుకోరా. ఆ ముడికి తువ్వాలు కూడా ఆగదు." బావ గుండెలు రుద్దుకుంటూ గదిలోకి నడిచాడు. "వెళ్ళు, వాల్వు కట్టే వేళయింది. నాకూ కాస్త పనుంది."

వాల్వు కట్టి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. బావ గది తలుపు తీసే ఉంది. ఆయన కుట్టుమిషను మీద తల ఆనించి ఉన్నాడు. పాదాలు తొక్కుడుపలక మీదే ఉన్నాయి.

"గెలిచానని హాయిగా నిద్రా?" అన్నాడు నీళ్ళాయన. "లే బావా. నీకే చెప్పేది."

భుజం తట్టాడు. తర్వాత, ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా వంగి, బావ వీపుకు చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. వాల్వు కట్టేశాక చావిలో ఎంత నిశ్శబ్దం ఉంటుందో, అంతే ఉంది.

మర్నాడు మేడంతా జనం. బొత్తాలు కుట్టించుకున్నవాళ్ళు, తెరల వాళ్ళు, ఆఫీసరమ్మ కూడా వచ్చింది. గుమ్మం పక్కన నిలబడి వాళ్ళందరినీ చూస్తుంటే, నాకు ఇంతమంది రారు కదా అనిపించింది నీళ్ళాయనకు. అనిపించినందుకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

అందరూ వెళ్ళాక దండెం విప్పి, పాత మేకుకే తెచ్చి కట్టాడు. ముడి జారింది. మళ్ళీ వేశాడు.

భార్య వచ్చి చేతిలో ఒక గుడ్డ పెట్టింది. "అన్నయ్య చెంపకింద ఉంది. మిషను మీద."

ఖాకీ గుడ్డ, తన చొక్కాలో మిగిలిందే. ఎండ తగలక రంగు ఇంకా కొత్తగానే ఉంది. మూడు అంచులు కుట్టి ఉన్నాయి, నాలుగో అంచు సగంలో ఆగింది. నీళ్ళాయన పిందె దగ్గరికి వెళ్ళి గోనెపట్టా తీసేశాడు.

పందిరికి కట్టిన ఆ ఖాకీ ఊయలలో పిడికెడు పిందె ఒక మూలకు ఒదిగింది. తక్కిన గుడ్డంతా, అంత కాయ ఎప్పుడూ కాయని ఆ పందిరికింద, గాలికి ఉబ్బుతూ ఉంది.