పదిలక్షలమీఁద నొకటి

గ్రీష్మదివసావసానంబునఁ జండకిరణుండు పశ్చిమగిరిశిఖరోపాంతంబు సమీపించియు నింకను దన తాపగర్వంబు వీడక సభామండపస్తంభచ్ఛాయలను నేలపై బారలకొలఁదిం జాచుచుండఁగా, చామరగ్రాహిణులు వీచుటయుఁ బండితులు తాంబూలచర్వణంబును మఱచి యెల్లవారు నొక్క యిసుకపలకవంకనే చూచుచుండిరి.

కారణ మెయ్యది యనిన, ఆస్థానగణకుఁడు నాగనార్యుఁడు పదిలక్షలమీఁద నొకటి యను మహాసంఖ్యను ఒకటియుఁ దానును దక్క మఱి యే సంఖ్యయు నిశ్శేషముగా భాగింపనేరదని నిండుసభలోఁ బ్రతిజ్ఞ చేసెను. సూర్యాస్తమయములోపల భాజక మెవ్వరు సెప్పుదురో గణకపీఠమును దానిం జేరిన గృహమును వారివే యని ఱేఁడు శాసించెను. ప్రతివాది గుండయసూరి ప్రాతఃకాలమునుండి రెండు మూఁడు అయిదు ఏడు అని యొక్కొక్కటిగాఁ బరీక్షించుచు సభ్యులచే సరిచూపించుచు ఎనుబదిమూఁటికి వచ్చెను.

అప్పుడు తెరచాటున నాగనార్యుని యిల్లాలు మైలమాంబ రొప్పుచు వచ్చి నిలిచెను. ఆమె భర్త మునుపు ఇంటఁ బలకపై నూటివఱకు భాగించి చూచి భోజనమునకు లేచి, నూటికిఁ జిక్కనిది వేయింటికి మాత్రము చిక్కునా యని విస్తరిముందే తీర్పు సెప్పికొని మరలఁ బలక ముట్టఁడయ్యె. ఇరువదేండ్లుగా నా పలక తుడుచుచుఁ దుడుచుచు గణితమంతయు నేర్చిన యా సాధ్వి నేఁడును దుడువఁబోవుచు ఊరక యింకొక్క సంఖ్యతో భాగించెను. శేషము సున్న. చేతిలోని తడిబట్టతోడనే పరుగెత్తుకొని వచ్చెను. భర్త చెవిని వేయుదమా, ఆయన ప్రతిజ్ఞ నాయనయే త్రుంచికొనవలె. ఊరకుందమా, ఇల్లు గుండయపాలగును.

“నాగనార్యా! ఇంటికి సున్నము కొట్టించితివా? నాకు గోడలు తెల్లగా నుండవలె సుమీ” అని గుండయ నవ్వెను.

“ముందు లెక్క చూడవోయి. గోడల సంగతి తరువాత” అని నాగనార్యుఁడు మీసము దువ్వెను.

ఎనుబదితొమ్మిది. శేషము ఎనుబదియాఱు. తొంబదియేడు. శేషము ఇరువదియెనిమిది. సూర్యబింబము సగము గ్రుంకెను. గుండయ యిసుక చదును చేసి వ్రేలు మోపి “ఇంక నూట...” అనునంతలోఁ దెర తొలఁగెను.

“నూటయొకటి!” అని మైలమాంబ యెలుఁగెత్తెను. “దానిని తొమ్మిదివేల తొమ్మిదివందల యొకటితో హెచ్చించి చూచుకొనుఁడు మహాప్రభూ.”

హెచ్చించిరి. సరిపోయెను.

“నేను దానినే చెప్పఁబోవుచుంటిని!” అని గుండయ మొఱవెట్టెను.

“చెప్పఁబోయినవారికెల్లఁ బీఠ మిత్తురేని ఈ సభలో నిలుచుటకుఁ జోటుండదు నాయనా” అని మైలమాంబ యనెను.

ఱేఁడు కనుబొమ లెత్తెను. “అమ్మా, మగని నోడించితివి గదా?”

“ఓడినది ఆయన మాట, ప్రభూ. ఇల్లు ఓడలేదు.”

నాగనార్యుఁడు పీఠము దిగి భార్యయెదుట నిలిచెను. అతఁ డేమనునో యని సభ్యులు మెడలు నిక్కించి చూచిరి.

“అయితే మైలమా, ఆ తొమ్మిదివేల తొమ్మిదివందల యొకటి మాట యేమి? అది విఱుగునా, విఱుగదా?”

“నాకుఁ దెలియదండీ. ఇంకను జూడలేదు.”

ఎఱుఁగనని పలుకుటకు వెఱవని కంఠ మా పీఠమునకు లభించుట యదియే ప్రథమము. నాగనార్యుఁ డుత్తరీయము నడుమునకు బిగించి, ప్రతివాది విడిచిన యిసుకపలకముందుఁ జతికిలఁబడి, నెఱసిన గడ్డ మెదకుఁ దగులునట్లు వంగి, అఱచేత నిసుక చదును చేసి, రెంటినుండి మొదలిడెను.