దయ్యం చేపకు మట్టి

మా చెరువు మీదికి ఆదివారం పూట గాలాలు పట్టుకొచ్చే వాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. మేం పొట్టకోసం వల వేస్తాం, వాళ్లు పొద్దుపోక గాలం వేస్తారు. అయినా షాద్‌నగర్ నుంచి వచ్చేవాళ్లను మా మత్స్యకారుల సంఘం రానిచ్చింది. షరతు ఒక్కటే. దయ్యం చేప పడితే మళ్లీ నీళ్లలో వేయొద్దు, చంపి కట్ట వెనక పూడ్చాలి.

ఆ చేపకు ఒంటినిండా ముళ్ల పెంకు. తినడానికి పనికిరాదు. అద్దాల తొట్టెలో పాచి తింటుందని ఇళ్లల్లో పెంచుకుంటారు, మోజు తీరాక తెచ్చి చెరువులో పారేస్తారు. అది మా వలలు చింపింది, కట్టకు బొక్కలు పెట్టింది. చేపలమ్మే మా బిక్షమ్మ గంపలో రవ్వు, బొచ్చె చేపలు ఏటికేడు తగ్గిపోయాయి. అందుకే కాపలా నాకు అప్పజెప్పినప్పుడు ఎవరినీ ఉపేక్షించదలచుకోలేదు.

గాలం వేసేవాళ్లలో నదీం ఏసీలు బాగుచేసే మనిషి. ప్రతి ఆదివారం వచ్చేవాడు. పడ్డ మంచి చేపలన్నీ బిక్షమ్మ గంపలోనే వేసి ఉత్త చేతులతో పోయేవాడు. పాపం మంచోడు అనుకుంటుండగానే, ఒకనాడు తూము దగ్గర నా కంట పడ్డాడు. దయ్యం చేపను గాలం నుంచి మెల్లగా విడిపించి నీళ్లలోకి జారవిడుస్తున్నాడు. ముళ్లు గీరుకుని అరచేతులు నెత్తురయ్యాయి.

నాకు కోపం నషాళానికంటింది. నోటికొచ్చినట్టు తిట్టాను. సంఘంలో చెప్పి ఇక కట్ట ఎక్కనివ్వనన్నాను. అతను తల వంచుకుని చెప్పాడు. అతని బిడ్డ నిషాత్ ఇట్లాంటివే రెండు పెంచుకుందట. కరోనాలో తండ్రీబిడ్డా ఇద్దరూ దవాఖానలో పడ్డారు. తండ్రి ఒక్కడే ఇంటికొచ్చాడు. ఆ తొట్టెను చూడలేక, చేపలను చంపలేక, తెచ్చి మా చెరువులో వదిలాడు.

"గీ చేపలల్ల నా బిడ్డది ఏదో నాకు తెల్వదన్నా. ఏది పడ్డా గదే అనిపిస్తది. ఎట్ల సంపాలె?"

అతని దుఃఖం నిజమే. కానీ చిరిగిన వల చిరిగినట్టే ఉంది.

"నదీం భాయ్, మా పిల్లలు గూడ గీ చెరువు మీదనే బతుకుతున్నరు," అన్నాను. అతను గాలం చుట్టుకుని వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను.

మళ్లీ ఆదివారం వచ్చాడు. పొద్దెక్కాక నన్ను పిలిచాడు. కాళ్ల దగ్గర దయ్యం చేప కొట్టుకుంటోంది. చంపడం తన వల్ల కాదని, పూడ్చడం తనే చేస్తానని అన్నాడు. నేను బండకేసి ఒక్క దెబ్బ కొట్టాను. అతను మొహం తిప్పుకున్నాడు.

మేం అన్నిటినీ పడేసే గుంతలో అతను దాన్ని వేయలేదు. పక్కన వేరే చిన్న గుంత తవ్వి, చేపను అందులో పెట్టాడు. చెప్పులు విడిచాడు. రుమాలు తలకు కట్టుకుని మూడుసార్లు, గుప్పెడు గుప్పెడుగా మట్టి వేశాడు. మా ఊళ్లో తురకోళ్లు చనిపోతే మట్టికి ఎన్నోసార్లు వెళ్లినవాణ్ని, అది నాకు తెలిసిన పద్ధతే. చేపకు చేసేది మాత్రం కాదు.

అతనే చెప్పాడు.

"బిడ్డ పోయిన్నాడు నేను దవాఖాన మంచం మీదున్న నర్సింహన్నా. నా బిడ్డకు నేను మట్టి ఎయ్యలే."

నేనూ చెప్పులు విడిచి, వంగి, ఒక గుప్పెడు వేశాను.