తోడు రాకు బాపూ

మరాఠీ గడ్డ మీద తెలుగువాళ్లు స్థిరపడ్డ లాల్‌పేట్ బొగ్గుబాయి కాలనీలో కొత్త ముఖం కనబడితే పెద్దవాళ్లు పేరు అడగరు. "ఎవల బిడ్డవు?" అంటారు. ఆ ఒక్కదానికి సరిగ్గా జవాబు చెబితే చాలు, కుర్చీ వస్తుంది, చాయ్ వస్తుంది. ఒకప్పుడైతే నౌకరీ కూడా వచ్చేది. మంచిర్యాల వైపు నుంచి బతకడానికొచ్చి బొగ్గుబాయిలో దిగిన ఈశ్వరయ్య, తనకు చేతకాకుండా అయ్యే వేళకు కొడుకు రాజన్నను తీసుకెళ్లి సాబ్ ముందు నిలబెట్టాడు. రాజన్న అలా బాయిలోకి దిగి, ముప్పై ఏళ్లు దిగుతూ ఎక్కుతూ, నిరుడు రిటైరయ్యాడు.

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లను కూర్చోబెట్టి "మీ గురించి చెప్పండి" అంటే పాపం ఏం చెబుతుంది? రాజన్న చిన్న కూతురు సౌజన్య ఎలక్ట్రికల్ డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసయింది. తెలివికి లోటు లేదు. అయినా మొదటి ఇంటర్వ్యూలో నోరు తెరిచి తండ్రి కథ మొదలుపెట్టింది. ఏ బాయి, ఏ షిఫ్టు, పైకప్పు కూలిన రోజు ఎవరెవరిని బయటికి లాగాడు, అన్నీ చెప్పింది. ఎదురుగా ఉన్న సారు ఓపిగ్గా విని, "మరి మీరు?" అని హిందీలో అడిగాడు. "నేను ఆయన చిన్న కూతురిని సార్" అంది. సారు నవ్వి ఊరుకున్నాడు. ఉద్యోగం రాలేదు.

రెండోసారి రాజన్నే తోడు వెళ్లాడు. బల్లార్‌పూర్ దగ్గర చిన్న కంపెనీ అది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, పిలవని పేరంటానికి వెళ్లినట్టు నేరుగా లోపలికి నడిచి, కూతురి పక్క కుర్చీలో కూర్చున్నాడు. మేనేజర్ సౌజన్యను అడిగిన ప్రతిదానికీ ఆయనే జవాబిచ్చాడు, ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు వేడెక్కుతుందన్న దానికి కూడా. మేనేజర్ మర్యాదస్తుడు. చాయ్ తెప్పించి, "కాకా, ఫోన్ చేస్తాం" అన్నాడు. ఆ ఫోన్ కోసం రాజన్న ఇల్లు కదలకుండా చాలా రోజులు కూర్చున్నాడు.

ఇప్పుడు మూడోది వచ్చింది. ఉప్పర్వాహి దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ ట్రైనీ. ఇది కూడా తప్పితే ఏమవుతుందో ఇంట్లో ముందే తేలిపోయింది. రాజన్న పాత దోస్తు సమ్మన్నకు కోర్టు దగ్గర జిరాక్స్ షాపు ఉంది. వచ్చే నెల నుంచి సౌజన్య అక్కడ కంప్యూటర్ ముందు కూర్చోవాలి. "ఫ్యాన్ కింద పని, ఇంకేం గావాలె" అన్నాడు రాజన్న. మోటారు విప్పి మళ్లీ బిగించగలిగిన చేతులతో ఆధార్ కార్డులకు ప్లాస్టిక్ తొడుగులు వేయడమా అనుకుంటే సౌజన్యకు అన్నం సయించలేదు. ఈసారి ఎలాగైనా ఆ ఉద్యోగం కొట్టి తీరాలనుకుంది.

పక్కింటి గ్లోరియా దగ్గరికి వెళ్లింది. గ్లోరియా ఊళ్లో ఓ ప్రైవేటు ఆస్పత్రిలో ఉద్యోగాలిచ్చే ఆఫీసులో పనిచేస్తుంది. వచ్చేవాళ్లను, వచ్చినట్టే పోయేవాళ్లను రోజూ చూస్తుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వెనక గదిలో ఒక బల్లకు అటువైపు తను కూర్చుని, ఇటువైపు సౌజన్యను కూర్చోబెట్టింది.

"మీ గురించి చెప్పండి" అంది గంభీరంగా.

"మా బాపు పేరు రాజన్న..."

"మంచిది. రాజన్న కాకకు నౌకరీ ఇస్తం. నువ్వు ఇంటికి పో."

సౌజన్యకు నవ్వొచ్చింది, మరుక్షణం కోపమూ వచ్చింది. "ఇంటి గురించి చెప్పకుండా ఎట్లక్కా? ఎవలో ఏందో తెల్వకుంటే నమ్ముతరా?"

"వాళ్లకు నీతోని వియ్యం లేదే తల్లీ. మోటర్ ఆగిపోతే నువ్వు నడిపిస్తవా లేదా, గంతే గావాలె. మళ్ల చెప్పు. బాపు పేరు రావద్దు."

సౌజన్య మళ్లీ మొదలుపెట్టింది. పేరు చెప్పింది, చదువు చెప్పింది, అక్కడ ఆగిపోయింది. తండ్రిని తీసేస్తే తన గురించి చెప్పడానికి రెండు వాక్యాలు కూడా లేకపోవడం చూసి ఆమెకు సిగ్గేసింది. గ్లోరియా వదల్లేదు. ఏ పని చేశావు, ఏం పాడైంది, నువ్వేం చేశావు అని గుచ్చి గుచ్చి అడిగింది. డిప్లొమా అయ్యాక ఎవరో చెబితే మూల్ ఊరి దగ్గర రైస్ మిల్లులో కొన్నాళ్లు పనిచేసినప్పటి సంగతులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మిల్లు సేఠ్ పేరు రాగానే సౌజన్య నోరు కట్టలు తెంచుకుంది. మోటార్ల పని అని పిలిచి ఎక్కువగా బస్తాల లెక్కలే రాయించాడని, జీతం అడిగితే గోడ వైపు చూసేవాడని తిట్టడం మొదలుపెట్టింది.

"అయ్యయ్యో, గది అస్సలొద్దు" అంది గ్లోరియా. "వాడు దొంగోడే గావచ్చు. గానీ ఇయ్యాల వాన్ని తిట్టినోళ్లు రేపు మమ్మల్ని తిడతరు అనుకుంటరు. ఇంకోటి. తెల్వంది తెల్వదని చెప్పు. మా దగ్గరికి వచ్చి తెల్సినట్టు నటించేటోళ్లను చూస్తే నాకే వాళ్ల మీద జాలైతది. లాస్టుకు నువ్వేమన్న అడుగుతవా అంటరు. ఏం లేదు సార్ అని లేచి రాకు. అడగందే అమ్మయినా పెట్టదు."

"అన్నీ చేస్త. గానీ బాపు వస్తనంటే?"

గ్లోరియా బల్ల మీదున్న పాటల పుస్తకాలు సర్దుతూ, "గది నేను నేర్పలేను చెల్లే, నువ్వే చెప్పాలె" అంది.

ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి భోజనాల దగ్గర సౌజన్య తండ్రితో చెప్పింది. ఎలా చెప్పాలో చాలాసార్లు అనుకుని కూర్చుంది కానీ, నోరు తెరిచేసరికి మొత్తం మర్చిపోయి, "రేపు నువ్వు తోడు రాకు బాపూ" అనేసింది.

తల్లి సాయమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. రాజన్న ముద్ద కలుపుతూనే ఉన్నాడు. "నేనొస్తె నీకు నామోషీనా?"

"నామోషీ గాదు. నువ్వుంటే వాళ్లు నిన్నే అడుగుతరు. నువ్వుంటే నేను గూడ నీ మొఖం దిక్కే చూస్త. నా నోరు పెగలదు."

"మా బాపు నాతోని వచ్చిండు. వచ్చిండు గాబట్టే ఈ ఇల్లు నిలబడ్డది."

"తెల్సు బాపూ. అయినా రాకు."

పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి రాజన్న. అరుస్తాడనుకుంది సౌజన్య. ఆయన అరవలేదు. కంచంలో చెయ్యి కడుక్కుని, "సరె, పో" అని బయటికెళ్లి గడప మీద కూర్చున్నాడు. అరిచినా బాగుండేదనుకుంది సౌజన్య.  అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

తెల్లారి మొదటి సర్కారు ఎస్టీ బస్సుకే బయల్దేరింది. రాజురా దాటాక కిటికీలోంచి దుమ్ము కొట్టింది. గడ్‌చాందూర్‌లో దిగి ఆటో ఎక్కింది. ఫ్యాక్టరీ గేటు దగ్గరికి చేరేసరికి ఇంకా చాలా టైముంది. ముఖం కడుక్కుని, సర్టిఫికెట్లు వరసలో ఉన్నాయో లేదో చూసుకుని, ఫోన్ ఆపేసి కూర్చుంది. పక్కన కూర్చున్న కుర్రాడు తనకు ఫలానా నాయకుడి సిఫారసు చీటీ ఉందని చెప్పాడు. సౌజన్య ఉంటే ఉండనీ అనుకుంది.

లోపల ఇద్దరున్నారు. ఉద్యోగాల వ్యవహారం చూసే మరాఠీ మేడమ్, ఎలక్ట్రికల్ విభాగానికి పెద్ద అయిన తెల్లజుట్టు సారు. మాటలన్నీ హిందీలోనే నడిచాయి. "మీ గురించి చెప్పండి" అంది మేడమ్. సౌజన్య నాలుక మీదికి అలవాటు కొద్దీ ఆ పేరు రానే వచ్చింది. దాన్ని మింగి, మిల్లులో మాటిమాటికీ ట్రిప్ అయి ఆగిపోతున్న మోటారు సంగతి చెప్పింది. అందరూ వైండింగ్ పోయిందనుకుంటే తను బేరింగ్ చూశానని, పట్టేసి ఉందని, దాన్ని మార్చాక మళ్లీ ఆగలేదని చెప్పింది. నాలుగు ముక్కల్లో చెప్పి ఆపింది. గొప్పేమీ కాదు, కానీ అది తన సంగతి.

"మిల్లు ఎందుకు మానేశారు?" అన్నాడు సారు. సేఠ్ ముఖం, ఆయన చూసే గోడ, రెండూ కళ్లముందుకొచ్చాయి. "అక్కడున్న మోటార్లు నేర్చుకున్నాను సార్. ఇంకా పెద్దవి నేర్చుకోవాలని" అంది. ఆ తర్వాత సారు ఫ్యాక్టరీలో కంప్యూటర్‌తో మోటార్లు నడిపించే పద్ధతి గురించి అడిగాడు. సౌజన్య దాని గురించి కాలేజీలో విన్నది తప్ప కళ్లతో చూడలేదు. "చదివాను సార్, చెయ్యలేదు. చూపిస్తే నేర్చుకుంటాను" అంది. సారు తల ఊపాడు. అది మంచి ఊపో చెడ్డ ఊపో ఆమెకు అర్థం కాలేదు.

అప్పుడు బల్ల మీది ఫోన్ మోగింది. మేడమ్ విని, చేత్తో ఫోన్ మూసి, "గేటు దగ్గర రాజన్న అని ఒకాయన ఉన్నారట. మీ నాన్నగారట. రెండు మాటలు మాట్లాడతానంటున్నారు. పిలిపించమంటారా?" అంది.

సౌజన్యకు అర్థమైంది. బాపు తన వెనకే ఇంకో బస్సెక్కి వచ్చాడన్నమాట. అదే తెల్లచొక్కా వేసుకుని ఉంటాడు. రమ్మంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. వద్దంటే, ముప్పై ఏళ్లు ఏ గేటు దగ్గరా తలదించుకోని మనిషిని ఒక సెక్యూరిటీవాడు వెనక్కి పంపిస్తాడు. తండ్రి మీద ప్రేమ ఎంతున్నా ఇప్పుడు తలొగ్గకూడదనుకుంది.

"వద్దు మేడమ్" అంది. "ఆయన మా నాన్నే. ఎండగా ఉంది, నీడన కూర్చోమని చెప్పమనండి. ఉద్యోగం చేసేది నేను. ఏదైనా నన్నే అడగండి."

మేడమ్ ఆ మాటే ఫోన్‌లో చెప్పింది. సారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నైట్ షిఫ్ట్ ఉంటుంది. ఇంట్లో అడిగారా?" అన్నాడు.

"చెప్పాను సార్."

"మీరేమైనా అడుగుతారా?"

"ట్రైనింగులో నాకు మోటార్ల దగ్గర పనిస్తారా, కాగితాల దగ్గరా?"

సారు మొదటిసారి నవ్వాడు. "మోటార్ల దగ్గరే. కాగితాలు నా నెత్తిన ఉన్నాయి" అన్నాడు. బయట కూర్చోమన్నారు. ఒకళ్ల తర్వాత ఒకళ్లు లోపలికి వెళ్లొచ్చారు. చీటీ ఉన్న కుర్రాడు వచ్చి ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు. చివరికి మేడమ్ బయటికొచ్చి, సోమవారం మెడికల్ టెస్టుకు రమ్మని సౌజన్యతో చెప్పింది.

గేటుకు ఎదురుగా చాయ్ బండి నీడలో రాజన్న బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. సౌజన్య వెళ్లి పక్కన కూర్చుంది. తిట్లకు సిద్ధపడే కూర్చుంది.

"నన్ను పిలుస్తమన్నరట. నువ్వు వద్దన్నవట."

"వద్దన్న బాపూ."

రాజన్న రోడ్డు మీద పోయే లారీల వైపు చూశాడు. "ఏమేం అడిగిండ్రు?" అన్నాడు.

సౌజన్య మొత్తం చెప్పింది. అడిగినవీ, తను అన్నవీ, తెలియదన్నదీ, సోమవారం రమ్మన్నదీ. ఉద్యోగం వచ్చినట్టే అన్న మాట దగ్గర కూడా రాజన్న ముఖం కదల్లేదు. ఇంకేదో లోపల వెతుక్కుంటున్నట్టున్నాడు.

"ఇయ్యన్ని నిన్నే అడిగిండ్రా?"

"నన్నే."

"నేను నౌకరీల చేరిననాడు నన్ను ఒక్కటి గూడ అడగలే బిడ్డా. సాబ్ మా బాపు దిక్కు చూసిండు, మా బాపు చెప్పిండు, పేరు రాసుకున్నరు. బాయిల దిగుడు నీకు ఇష్టమేనా అని ఎవ్వలు అడగలే."

కాలనీలో ఎవరూ అడగని ప్రశ్న అది. సౌజన్య అడిగింది. "ఇష్టమేనా బాపూ?"

"లేకుండె" అన్నాడు రాజన్న. "లారీ నడుపుదామని ఉండె నాకు. లారీయే అని గాదు, పొద్దు కనబడే పని ఏదైనా సరె అనుకున్న. బాయిలకు పొద్దు పొడవకముందే దిగేది, మునిగినంక ఎక్కేది. మా బాపుతోని ఆ ఒక్క ముక్క చెప్పనీకి నాకు దమ్ము లేకుండె."

ఆ మాట ఆయన సాయమ్మతో కూడా ఎన్నడూ అనలేదు. సౌజన్యకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. రాజన్న తువ్వాలు తీసి ఆమె చేతికిచ్చాడు.

"రాత్రి నువ్వు నాతోని చెప్పినవ్ గదా" అన్నాడు. "గట్ల నేను గూడ మా బాపుతోని చెప్పాల్సిండె."