గుండీలక్క గుమ్మానికి ఎన్ని మెట్లు

ఇదిగో అమ్మాయ్, కొత్తగా దిగినదానివి, ఇలా వచ్చి కూర్చో. నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధముంటే నాకు మిగిలిన మూడు పళ్ళూ ఇప్పుడే రాలి నీ ఒళ్ళో పడాలి. అయినా నేను గదిలో కూర్చుని చెప్పడం లేదు కదా. ఈ ఏడో మెట్టు మీద కూర్చుని చెప్తున్నాను. ఇక్కడ కూర్చుని బొంకడానికి ఎంత గుండె ఉండాలి!

ఈ బిల్డింగ్ మున్సిపల్ కౌన్సిల్ వాళ్ళది. కింద నాలుగిళ్ళు, పైన మూడంతస్తుల్లో అంతస్తుకి నాలుగు, మొత్తం పదహారు. కట్టినప్పుడు కింది నుంచి మూడో అంతస్తు దాకా మెట్లు అరవై. వెనకాల బస్సుల వర్క్‌షాపు. పొద్దున ఆరు కొట్టగానే అక్కడ ఏడువందల బస్సులు ఒకేసారి హారన్ కొడతాయి. అప్పుడు అందరూ పాలప్యాకెట్ల కోసం దిగుతారు. ఎదురుపడితే ఎవరూ "బాగున్నారా" అనరు. "ఎన్ని?" అంటారు. "అరవయ్యే" అంటే అందరి మొహాలూ తేటపడతాయి.

ఎందుకంటే ఈ మెట్ల మీద నిలబడి ఎవరైనా అబద్ధమాడితే ఒక మెట్టు పెరుగుతుంది. మెట్ల మీదే నిలబడి ఒప్పుకుంటే ఒకటి తగ్గుతుంది. రెండో అంతస్తు డ్రైవరు "సిగరెట్టు మానేశానే" అని పెళ్ళాంతో అన్న రోజు అరవై ఒకటి. ఆవిడ అక్కడే జేబులు దులిపి ఒప్పించాక మళ్ళీ అరవై. దాని గురించి ఎవరూ ఆశ్చర్యపోరు, మోకాళ్ళ గురించే గొణుక్కుంటారు. నేను కాస్త సాగదీసి చెప్తానంటారుగానీ, సాగదీయడం వేరు, అబద్ధం వేరు. ఈ మెట్లకి ఆ తేడా తెలుసు. చాలావరకు తెలుసు.

ఇంతలో కౌన్సిల్ నోటీసు అంటించింది. బిల్డింగ్ పాతబడి కూలిపోయేలా ఉందిట. దీన్ని పడగొట్టి ఇరవై అంతస్తుల టవర్ కడతారుట. పదహారిళ్ళలో పన్నెండు ఇళ్ళు ఒప్పుకుంటున్నామని సంతకం పెడితే గురువారం సమావేశంలో తీర్మానం చేసేస్తారుట. రిజిస్టర్‌లో పేరున్నవాళ్ళకి వేరేచోట ఇళ్ళు చూపిస్తారు, పేరు లేనివాళ్ళు తమ దారి తాము చూసుకోవాలి. కూలిపోయే బిల్డింగేమిటి! మా గోడకి మేకు కొట్టబోతే పదకొండు సుత్తులు విరిగాయి.

మా సంఘానికి అధ్యక్షుడు మూడో అంతస్తు లెక్కల మాస్టారు. ఆదివారం పొద్దున ఆయన అందర్నీ మెట్ల మీదకి పిలిచాడు. మా దగ్గర ప్రమాణాలన్నీ ఇక్కడే చేస్తాం. ఇంటికొకరం నిలబడి "నేను సంతకం పెట్టలేదు" అని వరసగా అన్నాం. చివర్లో మూడో అంతస్తు గుండీలక్క మాత్రం, "నా పేరు రిజిస్టర్‌లోనే లేదు మాస్టారూ, నన్నెవరూ సంతకం అడగలేదు" అంది.

గుండీలక్క అంటే ఆ మిషను చప్పుడు వినపడుతోందే, ఆ మనిషి. చొక్కాలకి కాజాలు కుట్టి గుండీలు వేస్తుంది. వేసిన గుండీ ఏనుగు లాగినా ఊడదు. ఆమె కుట్టినవాటికి దారాలు కత్తిరించేది నేనే. మొగుడూ పోయాడు, మామగారూ పోయాడు. అత్తాకోడళ్ళిద్దరూ ఆ ఒక్క గదిలోనే ఉంటున్నారు. ఇల్లు ఇంకా మామగారి పేరు మీదే ఉంది.

ప్రమాణాలయ్యాక పైకి లెక్కపెట్టుకుంటూ వెళ్ళారు. డెబ్బైరెండు!

మా తెలివి చూడు. లెక్కల మాస్టారు పక్కనే ఉన్నాడుగానీ, ఒక్కో ప్రమాణం అయ్యాక మెట్లు లెక్కపెడదామని ఎవరికీ తోచలేదు. పన్నెండు పెరిగాయి. ఎవరెవరివో ఎలా తెలుస్తుంది?

ఆ క్షణం నుంచి ఈ బిల్డింగ్‌లో గాలి కూడా ఒకళ్ళనొకళ్ళు అడిగి పీల్చుకున్నట్టు అయింది. చెత్త పారేయడానికెళ్తూ తలుపుకి తాళం వేసుకున్నారు. చేతివేళ్ళకి సిరా మరకలున్నాయేమోనని కూరగాయల సంచి అందుకునే నెపంతో చూశారు. డ్రైవరు పెళ్ళాం నా గుమ్మం ముందు రోజుకి నలభైసార్లు చీపురు పట్టుకుని ఊడ్చింది, లోపలేం మాట్లాడుకుంటున్నానో విందామని. నేను ఒంటరిదాన్ని. ఎవరితో మాట్లాడతాను? అయినా ఆమె కోసమని రెండు గొంతులు పెట్టి మాట్లాడాను.

"పన్నెండుమంది అబద్ధమాడారంటే నేను నమ్మను" అన్నాడు మాస్టారు మంగళవారం. "మనవాళ్ళు అలాంటివాళ్ళు కారు. ఒక్కరే పన్నెండుసార్లు ఆడుంటారు."

"అవును, అవును" అన్నారందరూ. అంత హాయిగా ఊపిరి పీల్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"గుండీలక్క కౌన్సిల్ ఆఫీసులో కనపడింది. రెండుసార్లు. చేతిలో కాగితాలు" అంది డ్రైవరు పెళ్ళాం.

"ఇల్లు మా పేరుకి మార్పించుకుందామని వెళ్ళానక్కా. గుమాస్తా మళ్ళీ రమ్మన్నాడు" అంది గుండీలక్క.

"మళ్ళీ రమ్మన్నాడా! ఎందుకో?"

ఇక ఆమె ఏం చెప్పినా అనుమానమే. రిజిస్టర్‌లో పేరు లేని మనిషి ఇక్కడ ఉంటోందని కౌన్సిల్‌కి రాస్తానన్నాడు మాస్టారు. బుధవారం సాయంత్రం ఐదులోగా గది ఖాళీ చేస్తే రాయనన్నాడు. ఆ మాట ఆయన గుమ్మంలో నిలబడి అన్నాడు, మెట్ల మీద కాదు. గమనించావా? ఆ వారమంతా ఎవరూ మెట్ల మీద నోరు విప్పలేదు.

బుధవారం మూడింటికి మా వార్డు కౌన్సిలర్ వచ్చాడు, వెనకాల గుమాస్తా, చంకలో రిజిస్టర్. తీర్మానానికి ముందు గుమాస్తా ప్రతి గుమ్మానికీ వెళ్ళి, సంతకం నీదేనా అని అడిగి, ఆ ఇంట్లో ఎవరుంటున్నారో రాసుకోవాలి. అది రూలు. ఎవరూ మాట మార్చకుండా చూడ్డానికి కౌన్సిలర్ కూడా వచ్చాడు.

"పై నుంచి మొదలెడదాం, దిగుతూ వస్తే సులువు" అన్నాడు కౌన్సిలర్. అదీ ఆయన చేసిన తప్పు. కత్తెర చేత్తో పట్టుకుని నేనూ వెనకాలే ఎక్కాను. ఇలాంటిది చూడకుండా ఇంట్లో కూర్చుంటే ఇక బతకడం దేనికి?

జనం కనపడగానే ఆయనకి నోరు ఆగలేదు.

"మీలో ఒక్కరు కూడా వీధిన పడరమ్మా!"

టప్. పైన ఒక మెట్టు.

"ఏడాది తిరక్కుండా ఇక్కడే, ఇదే చోట, మీకందరికీ కొత్త ఇళ్ళు!"

టప్. టప్.

"ఇందులో నాకేమన్నా లాభముందా చెప్పండి?"

దానికి ఎన్ని పెరిగాయో నేను లెక్కపెట్టలేకపోయాను. రెండో అంతస్తు దాటాక మనిషి చెమటతో తడిసి ముద్దయ్యాడు. మూడో అంతస్తు గుమ్మాలు కనపడుతూనే ఉన్నాయి, దగ్గరపడటం లేదు.

"ఏమయ్యా, సరైన బిల్డింగ్‌కే తీసుకొచ్చావా?" అన్నాడు గుమాస్తాతో అనుమానంగా.

"సరైనదే సార్. మీరు మాట్లాడకుండా ఎక్కితే చేరతాం సార్."

"నేనేమన్నా అబద్ధాలకోరునా? పుట్టి బుద్ధెరిగి ఒక్క అబద్ధం ఆడలేదు!"

టప్ టప్ టప్ టప్. పాపం, గుమాస్తా రిజిస్టర్ నెత్తిన పెట్టుకుని కూర్చుండిపోయాడు. అప్పటికి తొంభై ఎనిమిది.

సరిగ్గా అప్పుడే పై నుంచి గుండీలక్కా, వాళ్ళత్తగారూ మిషను మోసుకుంటూ దిగుతున్నారు. ముందు అత్తగారు, ఆవిడ నాకంటే వయసులో పెద్దది, అంటే కనీసం నూట ముప్పై. కోడలు వెనకాల, తల మీద బట్టల మూట కూడా పెట్టుకుని. పై గుమ్మాల దగ్గర అందరూ వరసగా నిలబడ్డారు. ఒక్కరూ ఓ చెయ్యి వేయలేదు.

కౌన్సిలర్ దారికి అడ్డంగా నిలబడ్డాడు. "ఏంటమ్మా, ఎక్కడికి? మీలాంటివాళ్ళ కోసమేగా నా తాపత్రయమంతా!"

టప్ మని అత్తగారి కాలి ముందే మరొకటి లేవబోయింది. కింద పెట్టబోయిన కాలు గాల్లోనే ఆగిపోయింది. ఆవిడ మిషను దించకుండానే ఆయన్ని చూసి అంది:

"బాబూ, నీకు దణ్ణం పెడతాను, ఒక్క రెండు నిమిషాలు మాట్లాడకు. మిషను చాలా బరువు."

ఆయన నిజంగానే నోరు మూశాడు. లేవబోయిన మెట్టు కూడా సగంలో ఆగి మళ్ళీ కూర్చుంది. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు.

ఆ నిశ్శబ్దంలో నాకు ఆ మిషను కాళ్ళు గోడకి రాసుకునే చప్పుడు ఒక్కటే వినపడింది. ఆ అత్తగారి కాలం నుంచీ, నలభై ఏళ్ళుగా, ఆ మిషను కుట్టిన దారాలే నేను కత్తిరిస్తున్నాను. ఇక చాలనిపించింది.

"సంతకం నేను పెట్టాను" అన్నాను.

నా కాళ్ళ కింద మెట్టు మెత్తగా జారి కలిసిపోయింది. అందరూ నా వంక చూశారు.

"ఈ కౌన్సిలర్ పోయిన నెల నా గదికొచ్చి తలుపేసి చెప్పాడు. మిగతా పదిహేనిళ్ళూ సంతకం పెట్టేశాయి, నువ్వొక్కదానివే మిగిలావు, ఆఖరున పెట్టినవాళ్ళకి మూల గది కూడా దొరకదు అన్నాడు. లిఫ్టు ఉన్న ఇల్లన్నాడు. ఈ మోకాళ్ళతో నేనేం చేయను? పెట్టేశాను."

డ్రైవరు గుమ్మం దగ్గర్నుంచి మెట్ల మీదకి దిగాడు. "నాకూ అదే చెప్పాడు. నువ్వొక్కడివే మిగిలావని." ఇంకో మెట్టు పోయింది.

"నన్నూ అదే అన్నాడు!" "మా ఇంట్లో కూడా!" ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మెట్ల మీదకి దిగి ఒప్పుకున్నారు. మెట్లు ఎలా సర్దుకుంటున్నాయంటే అత్తాకోడళ్ళు కాలు కదపకుండానే మిషనుతో సహా మా దగ్గరికొచ్చేశారు. పదకొండు పోయాయి. అప్పుడు అందరూ లెక్కల మాస్టారి వంక చూశారు. ఆయన ఆకాశం వంక చూశాడు, మా మెట్లకి ఆకాశం లేకపోయినా.

"మాస్టారూ, ఇంకా ఒకటి ఉంది" అంది గుండీలక్క. చాలా మర్యాదగా అంది.

ఆయన ఒక్క మెట్టు దిగాడు. "పన్నెండోది నాదమ్మా" అన్నాడు. గుండీలక్క చేతిలోంచి మిషను ఒక వైపు అందుకున్నాడు. మిషను మళ్ళీ పైకి దారి పట్టింది.

ఇప్పుడు మూడో అంతస్తు కౌన్సిలర్‌కి బాగా దగ్గరికొచ్చింది. ఇంకొన్ని మెట్లు నోరు మూసుకుని ఎక్కితే చాలు. కానీ ఆయన ఏమన్నాడో తెలుసా? "మీరందరూ మనసు విప్పి మాట్లాడారు, నాకు చాలా సంతోషంగా ఉంది" అన్నాడు.

టప్.

ఇక ఎక్కలేక, తిట్టుకుంటూ దిగిపోయాడు. దిగేటప్పుడు కూడా ఏదో అనబోయి గబుక్కున చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

గుమాస్తా మాత్రం పెదవి విప్పకుండా పైకి వెళ్ళాడు. ఒక్కో గుమ్మం దగ్గరా అడిగాడు, "సంతకం వెనక్కి తీసుకుంటున్నాను" అన్నదే పన్నెండుసార్లు రాసుకున్నాడు. గుండీలక్క గుమ్మం దగ్గర ఆగాడు. మిషను అప్పటికే కిటికీ పక్క పాత చోటే ఉంది. "ఈ ఇంట్లో ఎవరుంటున్నారు?" అన్నాడు, రూలు ప్రకారం.

"నేనూ, మా అత్తగారూ" అంది ఆమె.

అలాగే రాశాడు, ఇద్దరి పేర్లూ, పూర్తిగా. ఆరేళ్ళు ఆఫీసు చుట్టూ తిరిగినా ఎక్కని పేరు ఒక్క నిమిషంలో రిజిస్టర్‌లోకి ఎక్కింది. గురువారం సమావేశంలో ఫైలు తెరిచి చూసి మూసేశారట. చుట్టూ తొమ్మిదివేలమంది జనం చప్పట్లు కొట్టారట. నేను వెళ్ళలేదనుకో.

కానీ కౌన్సిలర్ పెంచిన ఇరవైయేడు మెట్లూ అలాగే ఉన్నాయి. ఆయనొచ్చి ఒప్పుకుంటేగానీ పోవు. ఆయన రాడు. మొన్న మాత్రం కొత్త నోటీసు వచ్చిందని డ్రైవరు పెళ్ళాం అంటోంది. ఆవిడ మళ్ళీ నా గుమ్మం ముందు ఊడవడం మొదలెట్టింది. నిన్న మాస్టారు మెట్ల మీద నన్ను చూసి నవ్వి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళాడు. ఎందుకు మాట్లాడలేదంటావ్?

సరే, లే. ఈ చొక్కాల కట్ట పట్టుకో, దారాలన్నీ కత్తిరించేశాను. పైకి తీసుకెళ్ళి గుండీలక్కకి ఇచ్చిరా. ఎక్కేటప్పుడు లెక్కపెట్టు, పైకి ఎనభైయేడు ఉండాలి. ఎనభై ఎనిమిది వచ్చిందనుకో, అది ఆ తొమ్మిదివేలమంది జనం తాలూకుది, నాదే. ఎనభై తొమ్మిది వస్తే మాత్రం ఎవరితోనూ అనకు. గబగబా దిగొచ్చి నా చెవిలో చెప్పు.