బయాతీలో రెండో స్వరం

సౌదీలోని నజ్రాన్‌లో ఇళ్లకు తలుపులు బిగించే రాజేశానికి ఊద్ అనే తీగవాద్యం నేర్పినవాడు నాజీ అనే యెమెనీ వడ్రంగి. ఊద్‌కు వీణకున్నట్టు మెట్లుండవు. తీగ మీద వేలు ఎక్కడ ఆనాలో చెవే చెప్పాలి.

జగిత్యాల భజనల్లో హార్మోనియానికి అలవాటుపడ్డ చెవి రాజేశానిది. శుక్రవారాలు పొద్దున్నే నాజీ దుకాణంలో కూర్చుని, మన రాగాల్లాంటి మకామ్‌లు రెండు, నహావంద్, హిజాజ్, ఏడాదిలో పట్టేశాడు. మూడోదైన బయాతీ దగ్గర బండి ఆగిపోయింది. దాని రెండో స్వరం రెండు మెట్ల నడుమ పడేది, హార్మోనియంలో లేనేలేదు.

"లా, యా రాజేశ్. కాదు, ఇంకొంచెం కిందికి," అంటూ నాజీ అతని వేలు పట్టుకుని జరిపేవాడు.

అంతలో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. యెమెన్ ఇరాక్ వైపు మొగ్గిందని సౌదీకి కోపం వచ్చింది. యెమెనీలు కఫీల్‌ను, అంటే పూచీ ఉండే సౌదీ మనిషిని చూపించాలి, లేదా వెళ్లిపోవాలి అన్నారు. ముప్పై ఏళ్లు కఫీల్ అవసరం లేకుండా బతికిన నాజీకి ఒక్కడూ దొరకలేదు.

పరుపులు, రంపాలు ట్రక్కుకెక్కించి, ఊద్‌ను రాజేశం చేతిలో పెట్టాడు.

"సరిహద్దులో ఎన్నాళ్లు ఎండలో ఉంచుతారో. పగిలిపోతుంది. నీ దగ్గరుండనీ."

"బయాతీ రాలేదు ఉస్తాద్," అన్నాడు రాజేశం.

"క్యాసెట్ పంపిస్తా."

ఏడాదిన్నరకు ఒక లారీ డ్రైవర్ తెచ్చిచ్చాడు. అందులో నాజీ బయాతీ వాయించి, "ఇప్పుడు నువ్వు," అన్నాడు. తర్వాత నిశ్శబ్దం. రాజేశం గబగబా వాయించాడు.

"లా, లా. మళ్లీ."

మళ్లీ వాయించాడు.

"ఆఁ, ఇదే! ఇదే!" అని నాజీ నవ్వాడు.

టేపుకు చెవులుండవని రాజేశానికి తెలియక కాదు. అయినా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రోజూ పనినుంచి రాగానే అదే పాఠం.

ఒకరోజు ఉలి జారి వేలు తెగింది. కట్టు కట్టుకుని, ఊద్ ముట్టకుండా టేపు పెట్టుకుని విన్నాడు. నిశ్శబ్దం, మందలింపు, మళ్లీ నిశ్శబ్దం.

"ఆఁ, ఇదే! ఇదే!"

"వచ్చిందంటుండు గదన్నా," అన్నాడు గదిలో ఉండే లక్ష్మణ్.

"నేను వాయించనే లేదురా."

టేపు ఆపేశాడు. మళ్లీ పెట్టలేదు.

వేలు మానింది. విరిగిన నమ్మకం మానలేదు. తప్పో ఒప్పో చెప్పే మనిషి ఊళ్లో లేడు. డ్రైవర్ చెప్పిన చిరునామాకు రాయించిన మూడు ఉత్తరాలకూ జవాబు రాలేదు. తొంభైనాలుగులో యెమెన్‌లోనే యుద్ధం మొదలయ్యాక రాయించడమూ మానేశాడు.

అప్పుడప్పుడు బయాతీ ఎత్తుకునేవాడు. వేలు రెండో స్వరం దాకా వెళ్లి, తీగకు ఆనకుండానే లేచిపోయేది.