మగపెళ్ళివాళ్ళ మీద పాట

చిట్టమూరు చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవుల ఇంట పెళ్ళి జరిగితే, ఒక పాస్టరుగారికి వీలుకాకపోతే ఇంకో పాస్టరుగారిని పిలుచుకోవచ్చు. అబిగయీలుకు వీలుకాకపోతే మాత్రం పెళ్ళి ముహూర్తమే మార్చుకున్న ఇళ్ళున్నాయి. ఆమె వంటమనిషీ కాదు, పెళ్ళిళ్ళ పేరమ్మా కాదు. మగపెళ్ళివాళ్ళు బంతిలో కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే సమయానికి ఎదురుగా వచ్చి నిలబడి, నడుం మీద చెయ్యి వేసి, వాళ్ళను పేరుపేరునా ఎగతాళి చేస్తూ పాట అందుకునే మనిషి. పెరుగన్నం వడ్డించే లోపల మగపెళ్ళివాళ్ళు పాటతోనే జవాబు చెప్పాలి. లేదంటే ఓడిపోయినట్టు. నలభై ఏళ్ళలో ఆమె చేతిలో ఓడకుండా చెయ్యి కడుక్కుని లేచిన బంతి ఒక్కటీ లేదు.

అలాంటి అబిగయీలు సొంత మనవరాలి పెళ్ళిలో నోరు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

కట్టించింది ఆ మనవరాలే. క్యాథరిన్ గూడూరులో నర్సు. ఎంత మొండి రోగికైనా మెత్తగా మాట్లాడుతూనే సూది పొడిచేసే రకం. పెళ్ళికి మూడు వారాల ముందు ఒక ఆదివారం, అవ్వ జడ విప్పి తలకు నూనె రాస్తూ నెమ్మదిగా విషయం కదిపింది.

"అవ్వా, నా పెళ్ళిలో నువ్వు పాడగూడదు."

"ఏం, గొంతు పొయ్యిందనుకున్నావా?"

"గొంతుతో భయం ల్యా. నీ నోటితోనే నాకు భయం. గూడూరు అక్క పెళ్ళిలో ఏమైందో మర్చిపోయినావా?"

మరిచిపోలేదు. ఆ పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ విగ్గు మీద అబిగయీలు ఒక చరణం కట్టింది. బంతి బంతంతా పొలమారేలా నవ్వితే, ఆ పెద్దమనిషి విస్తట్లో బిర్యానీ వదిలేసి, విగ్గు సర్దుకుంటూ లేచిపోయాడు.

"రెండేళ్ళైంది. ఇంకా అక్కను దెప్పతానే ఉండారు. నేను పొయ్యేది కూడా కొత్త ఇంటికే గదా. సూళ్లూరుపేటోళ్ళ మనసులు ఎట్టాంటివో నాకే తెలవదు. ఒట్టెయ్యి, పాడనని."

"మనం ఒట్లు పెట్టుకోగూడదే పిచ్చిదానా."

"అయితే మాటియ్యి."

ఊళ్ళో అందరి ఆడపిల్లల పెళ్ళిళ్ళకూ పాడి, ఎత్తుకుని పెంచిన పిల్ల పెళ్ళికి నోరు మూసుకోవడమంటే అబిగయీలుకు మనసొప్పలేదు. కానీ తన పాట వల్ల ఈ పిల్ల రేపు అత్తగారింట మాట పడితే? ఆ ఆలోచనే ఆమెకు ఇంకా బాధగా ఉంది. సరేనని మాట ఇచ్చింది.

అయితే ఆమె ఇచ్చిన మాట పాడనని. కట్టనని కాదు కదా! మరునాడే బీజాన్‌కు కబురు పెట్టింది.

బీజాన్ చీరల మూట భుజాన వేసుకుని గూడూరు నుంచి సూళ్లూరుపేట దాకా వీధి వీధీ తిరిగే మనిషి. చీర పరిచిందంటే ఇంటి ఆడవాళ్ళు చుట్టూ మూగి, అంచు రంగు తేల్చే లోపల ఇంటి గుట్టంతా చెప్పేస్తారు. అబిగయీలు పాటలకు సరుకంతా ముప్పై ఏళ్ళుగా ఆ మూటలోంచి వచ్చిందే. వారం తిరక్కముందే బీజాన్ వచ్చి అరుగు మీద కూలబడి, మంచినీళ్ళయినా తాగకుండా మొదలుపెట్టింది. పెళ్ళికొడుకు హెన్రీకి బల్లి అంటే ప్రాణభయమట. తండ్రి క్రీస్తురాజు కరెంటు పని చేసి రిటైరయ్యాడు. శ్రీహరికోటలో రాకెట్టు లేచిన ప్రతిసారీ తన చేత్తో వదిలినట్టు మేడ మీద నిలబడి మీసం దువ్వుతాడట.

"ఇంట్లో ఫ్యాను మాత్రం ఆర్నెల్లుగా తిరగడంల్యా అక్కా. పెళ్ళామే చెప్పింది," అంది బీజాన్.

అబిగయీలుకు ప్రాణం లేచి వచ్చింది. ఐదు రోజుల్లో ఏడు చరణాలు కట్టేసింది. అంతా కట్టాక తెలిసింది, వాటికి పెట్టడానికి వరస లేదని.

ఇదివరకు ఆ బాధ ఉండేది కాదు. ఆమె వయసులో ఉన్నప్పుడు టీ బంకులో ఒకే రేడియో. తర్వాత టేపురికార్డర్లు వచ్చినా, ఏ ఏడాదికి ఆ ఏడాది ఒక పాట పుట్టి ఊళ్ళన్నిటినీ చుట్టబెట్టేది. నాట్లలో అదే, నిమ్మకాయల మండీలో అదే, బస్సులో అదే. ఆ వరసకు అబిగయీలు మాటలు మార్చి అంటించేదంతే. వరస ఎక్కడ వాలుతుందో అందరికీ తెలుసు కాబట్టి, ఆమె మాట పూర్తి చెయ్యకముందే బంతి నవ్వడానికి సిద్ధంగా ఉండేది.

ఇప్పుడు అలా అందరికీ తెలిసిన పాట ఒక్కటి చెప్పమని ఊళ్ళో పది మంది పిల్లల్ని అడిగింది. పది పాటలు చెప్పారు. ఒకరు చెప్పిన పాట పక్కవాడికి తెలియదు. క్యాథరిన్ అన్న లాజరస్‌ను అడిగితే చెవిలోంచి పాటలు వినే పుల్ల ఒకటి తీసి అవ్వ చెవిలో పెట్టాడు. అందులో ఎవరో అరవంలో తిడుతున్నట్టుంది.

"ఇంట్లో నలుగురుంటే నాలుగు రేడియోలు, అన్నీ చెవుల్లోనే! ఇంక బంతిలో కూర్చుని కలిసి నవ్వేది యాడ?" అని విసుక్కుంది. పాడనని మాట ఇవ్వడమే మేలైందేమో అని కూడా అనుకుంది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

పెళ్ళి రోజు రానే వచ్చింది. పదకొండింటికి గుళ్ళో ప్రమాణాలయ్యాయి. ఒంటిగంటకు పక్కనే షామియానా కింద బల్లలు వేసి ఆకులు పరిచారు. ఒకవైపు మగపెళ్ళివాళ్ళు, ఎదురుగా ఆడపెళ్ళివాళ్ళు, మధ్య బల్ల దగ్గర పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ. బీజాన్ తమ్ముడి కొడుకు అజ్మల్ గూడూరు నుంచి మనిషెత్తు సౌండ్ బాక్సులు తెచ్చి పెట్టాడు. అబిగయీలు కొత్త పట్టుచీర కట్టుకుని బీజాన్ పక్కన కూర్చుంది. ఊరి ఆడవాళ్ళు ఆమె వైపు చూస్తున్నారు. ఆమె ఆకు వైపు చూస్తోంది.

బిర్యానీ వడ్డన అయ్యిందో లేదో, మగపెళ్ళివాళ్ళ వైపు నుంచి ఒక అమ్మాయి లేచింది. హెన్రీ చెల్లెలు నవోమి. పంతొమ్మిదేళ్ళుంటాయి. పట్టులంగా మీద తెల్ల బూట్లు వేసుకుని, అజ్మల్ దగ్గర మైకు లాక్కుని, ఫోను అతని పెట్టెకు తగిలించింది. బాక్సులు దబదబమని మోగడం మొదలుపెట్టాయి. ఆకుల్లో పెరుగుపచ్చడి వణికింది. రాగం లేదు, దరువు ఒక్కటే.

"మా జేజి చెప్పింది, మీ తట్టు బంతిలో ఎగతాళి పాట పాడతారంట. మీరెవురూ లెయ్యడంల్యా. అందుకని మేమే మొదలుపెడతా ఉండాం!" అని, ఫోను చూస్తూ దరువుకు తగ్గట్టు మాటలు విసిరింది.

*లాజరన్న జిమ్ములోన ఫోటోకైతే ముందు,*
*బరువులెత్తమన్నామంటే నడుం నొప్పి ఉందంటు!*

షామియానా అంతా గొల్లుమంది. లాజరస్ బిర్యానీలో తల దూర్చాడు. నవోమి ఊపిరి పీల్చుకుని రెండోది అందుకుంది.

*ప్రసంగమంటే పెద్దవ్వకు ఎంతెంతో ఇష్టం,*
*ఆమేనన్న దాకా అవ్వ కళ్ళు తెరవడం కష్టం!*

ఈసారి మగపెళ్ళివాళ్ళు మాత్రమే నవ్వారు. ఆడపెళ్ళివాళ్ళకు నవ్వాలో మానాలో తెలియలేదు. ఊరందరినీ ఏడిపించిన అబిగయీలును ఇంతవరకూ ఎవరూ తిరిగి ఒక్క మాట అన్నది లేదు. క్యాథరిన్ ముఖం తెల్లబోయింది. గుళ్ళో అవ్వ కునుకు తీస్తుండగా వీడియో తీసి స్టేటస్‌లో పెట్టింది తనే. చీరల మూట మొయ్యకుండా, గడప తొక్కకుండా, ఆ నవోమి ఇంటి గుట్టంతా అరచేతిలోనే పోగేసుకుంది.

అబిగయీలు ముందు తెల్లబోయింది. తర్వాత ఆమె పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. చివరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. నలభై ఏళ్ళుగా పెట్టడమే గాని పుచ్చుకోవడం ఎరగని మనిషి. పుచ్చుకుంటే ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"చూసినావా బీజానూ, ఇదీ పాటంటే! లేపిందే నన్ను!" అంది. కానీ తాను మాత్రం లేవలేదు. మాట ఇచ్చింది మరి. అరికాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఏడు చరణాలూ గొంతులో తోసుకుంటున్నాయి. ఆమె మధ్య బల్ల వైపు, మనవరాలి వైపు చూసింది.

క్యాథరిన్ అత్తమామల వైపు చూసింది. క్రీస్తురాజు నవ్వీ నవ్వీ అద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

"ఏంది అత్తా, ఊరకుండారు? మీ పాట వినాలనే గదా ఇంత దూరం బండి కట్టుకోని వస్తిమి. మమ్మల్ని తిట్టకుండానే పంపిచ్చేస్తారా?" అన్నాడు.

క్యాథరిన్ గుండెల మీది బరువు దిగినట్టు ఊపిరి వదిలింది. "పాడవ్వా," అంది.

రెండోసారి చెప్పించుకోలేదు అబిగయీలు. లేచి మధ్యకు వచ్చింది. అజ్మల్ మైకు ఇవ్వబోతే తోసేసింది. వరస సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఏ పాట ఎత్తుకోవాలి? బాక్సుల్లోంచి ఆ దరువు వస్తూనే ఉంది. వద్దనుకున్నా ఆమె కాలు దానికి అడుగు వేసింది. ఇంకో అడుగు. ఆ అడుగు ఎక్కడిదో ఒంటికి తెలిసిపోయింది. మోకాటి లోతు బురదలో వంగి, నారు గుచ్చుతూ వెనక్కి జరిగే అడుగది. అది పట్టుకుని వాళ్ళమ్మ నాట్లలో పాడిన వరస దానంతటదే నోటికొచ్చింది. సినిమా పాటలు వచ్చాక ఆమె పెళ్ళిళ్ళలో ఎన్నడూ ఎత్తని వరస.

*రాకెట్టెగిరితే మీసం దువ్వే రాజయ్య మామా,*
*నీ ఇంట్లో ఫ్యాను తిరగదంట, ఏందయ్య మామా!*

క్రీస్తురాజు భార్య కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. "ఆర్నెల్లయింది, ఆర్నెల్లు!" అని కేకేసింది. అబిగయీలు హెన్రీ వైపు తిరిగింది.

*పులికాట్టొడ్డున పుట్టినాడంట పులిలాంటి పిల్లోడు,*
*బల్లి ఒకటి కనబడితే బల్ల దిగి రాడు!*

షామియానా ఎగిరిపోతుందేమో అన్నంత గోల. నవోమి ఫోనులో ఇంకో రెండు చరణాలుంటే గబగబా చదివేసింది. అబిగయీలు రెండింటికీ రెండు విసిరింది. ఇక నవోమి ఫోనును పైకీ కిందికీ తోస్తోంది. అందులో ఇంకేమీ లేదు. అవతల పెరుగన్నం బకెట్లు బయలుదేరాయి. మగపెళ్ళివాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. అబిగయీలు దగ్గర ఇంకా మూడున్నాయి. ఆడపెళ్ళివాళ్ళు అప్పుడే ఈలలు మొదలుపెట్టారు.

"ఆగండి. పెరుగన్నం ఇంకా మా ఆకులోకి రాలా," అంది ఒక గొంతు.

క్యాథరిన్. పెళ్ళి ముసుగు వెనక్కి తోసుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని మధ్యకు వచ్చి, అవ్వకు ఎదురుగా నిలబడింది. అవ్వ వైపున కాదు, అవతలి వైపున. ప్రమాణాలై రెండు గంటలు దాటింది మరి. ముసలివాళ్ళ నుంచి పిల్లల దాకా మగపెళ్ళివాళ్ళందరి గుట్టూ లాగిన అబిగయీలు, వాళ్ళలో అందరికంటే కొత్త మనిషిని లెక్కలో వేసుకోవడం మరిచిపోయింది.

అదే దరువు. అవ్వ ఇప్పుడే ఎత్తిన అదే వరస. కాగితం లేదు, ఫోను లేదు.

*జోలపాట రాని అవ్వ ఎగతాళి నేర్పింది,*
*ఆ నేర్చిన నోరే ఇయ్యాల అత్తింటికి మారింది!*

మగపెళ్ళివాళ్ళు బల్లలు గుద్దారు. హెన్రీ నోరు తెరుచుకుని భార్యను చూస్తున్నాడు. తానెవరిని పెళ్ళి చేసుకున్నాడో అతనికి అప్పుడే తెలిసినట్టుంది.

అబిగయీలు జవాబు కోసం తన చరణాలన్నీ వెతుక్కుంది. ఏడు చరణాలు కట్టింది గాని, ఈ పిల్ల మీద ఒక్కటి కట్టలేదు. ఇరవయ్యారేళ్ళు ఒడిలో వేసుకుని తిరిగినా ఎగతాళి చెయ్యడానికి ఒక్క లోపం కనబడలేదు ఆమెకు. తన పాటంటే ఈ పిల్లకు సిగ్గని ఇన్నాళ్ళూ బాధపడిందే! ఆ చెయ్యి నడుం మీద వేసిన తీరు, చివరి మాట దగ్గర గడ్డం ఎగరేసిన తీరు, అంతా తనదే. ఆమె కళ్ళు నిండిపోయాయి. సంతోషం పట్టలేకపోయింది.

పెరుగన్నం బకెట్టు వచ్చి ఆమె పక్కన ఆగింది. షామియానా అంతా ఆమె జవాబు కోసం ఎదురుచూస్తోంది.

"ఓడిపోయినా!" అని అరిచింది అబిగయీలు, ఊరంతా వినబడేలా. "విన్నావా బీజానూ? ఓడిపోయినా! అజ్మలూ, నా మనవరాలు పాడింది ఇంకోసారి పెట్టబ్బయా."

"అది రికార్డు కాలేదు అవ్వా," అన్నాడు అజ్మల్ తల గోక్కుంటూ. "ఆమె నోటితో పాడింది గదా."

"అయితే ఆమెనే మళ్ళీ పాడమను."

క్యాథరిన్ మళ్ళీ పాడింది. ఈసారి రెండో పాదం వచ్చేసరికి రెండు బంతులూ కలిసి అందుకున్నాయి, అందరికంటే గట్టిగా అబిగయీలు.